వేరే రాష్ట్రం ఇచ్చిన తుపాకి పర్మిట్ రెన్యువల్: గడువుకు ఆరు నెలల ముందు నుంచి చేసుకోవలసిన పనులు

అమెరికాలో ఒక రాష్ట్రంలో కాపురముంటూ, తుపాకి వెంట ఉంచుకునే పర్మిట్‌ను మరొక రాష్ట్రం నుంచి తీసుకున్నవారు మన తెలుగువారిలోనూ ఉన్నారు. సొంత రాష్ట్రపు పర్మిట్ అన్నిచోట్లా చెల్లదు కనుక, ఎక్కువ రాష్ట్రాలు గుర్తించే యూటా, ఫ్లోరిడా, అరిజోనా వంటి రాష్ట్రాల నాన్‌రెసిడెంట్ పర్మిట్ (ఆ రాష్ట్రంలో నివసించనివారికి ఇచ్చేది) కూడా ఒకటి దగ్గర పెట్టుకుంటారు. మొదటిసారి తీసుకునేటప్పుడు శిక్షణ తరగతి, వేలిముద్రలు, ఫొటో అన్నీ ఒకే ఊపులో పూర్తవుతాయి. ఐదేళ్లో ఏడేళ్లో గడిచి రెన్యువల్ సమయం వచ్చేసరికి, డ్రైవింగ్ లైసెన్సుకు కట్టినట్టు రుసుము కడితే కొత్త కార్డు వచ్చేస్తుందని నమ్మి చివరి నెలదాకా ఆగినవారు నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు.

రెన్యువల్ దరఖాస్తు అందాక మీరిప్పుడు ఏ రాష్ట్రంలో నివసిస్తున్నారు, మీ ఇమిగ్రేషన్ హోదా ఏమిటి, సొంత రాష్ట్రపు పర్మిట్ అవసరమైతే అది మీ దగ్గర ఉందా అనే విషయాలు మళ్లీ మొదటి నుంచి పరిశీలనకు వస్తాయి. ఉద్యోగంతో పాటు రాష్ట్రం, గ్రీన్‌కార్డుతో పాటు హోదా, పౌరసత్వంతో పాటు కొందరికి పేరు కూడా మారే మనవారి జీవితాల్లో, పర్మిట్ తీసుకున్న నాటి వివరాలన్నీ ఐదేళ్ల తరువాత అలాగే ఉండడం అరుదు. అందుకే గడువు తేదీకి ఆరు నెలల ముందు ఒక సాయంత్రం కూర్చొని, పాత దరఖాస్తు నకలును ముందు పెట్టుకొని, దానిలో రాసిన ప్రతి వివరం నేటికీ నిజమేనా అని చూసుకోవడంతో ఈ పని మొదలుపెట్టాలని నా సలహా.

అన్నిటికంటే ముందు ఆ పర్మిట్ మీకు ఇంకా పనికొస్తుందో లేదో చూడండి. కొలరాడో, మిషిగన్ వంటి కొన్ని రాష్ట్రాలు వేరే రాష్ట్రం ఇచ్చిన పర్మిట్‌ను, ఆ పర్మిట్ ఉన్న వ్యక్తి దాన్ని ఇచ్చిన రాష్ట్రపు నివాసి అయితేనే గుర్తిస్తాయి. మీరు తరచుగా వెళ్లేది అలాంటి రాష్ట్రానికైతే, నాన్‌రెసిడెంట్ పర్మిట్‌ను ఎన్నిసార్లు రెన్యువల్ చేయించినా అక్కడ ఉపయోగం లేదు. ఏ రాష్ట్రం ఏ పర్మిట్‌ను గుర్తిస్తుందన్న జాబితాలు మారుతూ ఉంటాయి కాబట్టి, స్నేహితులు పంపిన పాత పటాన్ని నమ్మకుండా, మీరు వెళ్లబోయే రాష్ట్రపు అటార్నీ జనరల్ కార్యాలయం గానీ రాష్ట్ర పోలీసు శాఖ గానీ ప్రకటించిన జాబితానే చూడాలి.

సొంత రాష్ట్రపు పర్మిట్ అనే చిక్కు

మనవాళ్లలో చాలామందికి తెలియని నిబంధన యూటాలో ఉంది. మీరు నివసించే రాష్ట్రం యూటా పర్మిట్‌ను గుర్తించేదైతే, ముందుగా మీ సొంత రాష్ట్రపు పర్మిట్ మీ చేతిలో ఉండాలి, దాని నకలును యూటా దరఖాస్తుకు జతచేయాలి. కొత్త దరఖాస్తులకు ఈ నిబంధన 2011 మే నుంచి, నాన్‌రెసిడెంట్ల రెన్యువల్ దరఖాస్తులకు 2012 జనవరి 1 నుంచి అమలవుతోంది. చదవడానికి చిన్న వాక్యమే గాని, రాష్ట్రం మారిన కుటుంబానికి ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండగా ఒకరు యూటా పర్మిట్ తీసుకున్నారనుకోండి. న్యూజెర్సీ ఇతర రాష్ట్రాల పర్మిట్లు వేటినీ గుర్తించదు కనుక, ఆనాడు యూటా ఆయనను సొంత రాష్ట్రపు పర్మిట్ అడగలేదు. తరువాత ఉద్యోగరీత్యా డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకు మారారు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అర్హత ఉన్నవారు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు కనుక, టెక్సస్ లైసెన్సు (తుపాకి పర్మిట్‌ను అక్కడ లైసెన్సు అంటారు) తీసుకోవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. యూటా పర్మిట్ గడువు దగ్గరపడి రెన్యువల్ ఫారం తెరిచాక అసలు సంగతి బయటపడుతుంది. టెక్సస్ యూటా పర్మిట్‌ను గుర్తిస్తుంది కనుక, ఇప్పుడాయన టెక్సస్ లైసెన్సు చూపించి తీరాలి. చూపడానికి అది లేదు. పర్మిట్ అవసరం లేని రాష్ట్రంలో ఉండడమే ఇక్కడ ఆయనకు అడ్డు వచ్చింది.

ఈ స్థితిలో ఉన్నవారు వెంటనే సొంత రాష్ట్రపు లైసెన్సుకు దరఖాస్తు చేయడం తప్ప దారి లేదు. టెక్సస్‌లోనైతే నాలుగు నుంచి ఆరు గంటల తరగతి, కాల్పుల నైపుణ్య పరీక్ష, వేలిముద్రలు పూర్తిచేసి 40 డాలర్ల రుసుము కట్టాలి. పత్రాలన్నీ సక్రమంగా అందాక కూడా నిర్ణయానికి సుమారు రెండు నెలలు పట్టవచ్చు. తరగతిలో చోటు దొరకడానికి, వేలిముద్రల అపాయింట్‌మెంట్‌కు పట్టే రోజులు కూడా కలుపుకుంటే, ఆరు నెలల ముందు మొదలుపెట్టమని నేనెందుకు అంటున్నానో అర్థమవుతుంది.

ఈ చిక్కును తప్పించుకోవడానికి పాత రాష్ట్రంలోని స్నేహితుల చిరునామానో, అద్దె మెయిల్‌బాక్సునో నివాసంగా రాయాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. నివాసం విషయంలో తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చిన నాన్‌రెసిడెంటుకు పదేళ్లపాటు పర్మిట్ ఉండకుండా యూటా చట్టం నిషేధిస్తుంది. ప్రమాణపూర్వకంగా సంతకం చేసే ఫారంలో అబద్ధం రాస్తే అది వేరే నేరం కూడా కావచ్చు. కొన్ని నెలలు ఆగితే తీరే సమస్యను పదేళ్ల సమస్యగా మార్చుకోవడం ఎవరికీ మంచిది కాదు.

తేదీలు: రాష్ట్రానికొక లెక్క

గడువు దాటాక ఎన్నాళ్లు ఆగుతారన్నది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది కనుక, ఒక రాష్ట్రం అనుభవంతో మరొక రాష్ట్రం విషయంలో ధీమాగా ఉండకూడదు. యూటా పర్మిట్ కాలం ఐదేళ్లు. గడువు ముగిసిన 30 రోజుల తరువాత ఆలస్య రుసుము పడుతుంది, ఏడాది దాటితే రెన్యువల్ అవకాశమే పోయి కొత్త దరఖాస్తుతో, వేలిముద్రలతో మళ్లీ మొదలుపెట్టాలి. అరిజోనా పర్మిట్ కూడా ఐదేళ్లదే. గడువుకు 90 రోజుల ముందు నుంచి గడువు ముగిసిన 60 రోజుల వరకు రెన్యువల్ దరఖాస్తును స్వీకరిస్తారు, మళ్లీ శిక్షణ అడగరు. నేను చూసిన వాటిలో నాన్‌రెసిడెంట్లకు తక్కువ శ్రమ పెట్టే పద్ధతి అదే.

టెక్సస్ లైసెన్సు విషయంలో ఇంకొక మెలిక ఉంది. మొదటిసారి ఇచ్చిన లైసెన్సు సరిగ్గా ఐదేళ్లకు ముగియదు. జారీ అయిన నాలుగేళ్లు నిండాక వచ్చే మొదటి పుట్టినరోజుతో దాని గడువు తీరుతుంది. ఐదేళ్లని గుర్తుపెట్టుకొని కార్డు మీది తేదీ చూడనివారికి అది కొన్ని నెలల ముందే చెల్లకుండా పోతుంది. ఆ కార్డు నకలునే యూటాకు పంపుతున్నట్లయితే, రెండు పనులూ ఒకేసారి నిలిచిపోతాయి.

మేరీలాండ్ పర్మిట్ ఉన్నవారికి కాలం ఇంకా తక్కువ: మొదటి పర్మిట్ రెండేళ్లు, రెన్యువల్ అయినది మూడేళ్లు. పైగా ప్రతి రెన్యువల్‌కూ గుర్తింపు పొందిన శిక్షకుడి వద్ద ఎనిమిది గంటల తరగతి, అందులో భాగంగా కాల్పుల అభ్యాసం పూర్తిచేయాలి. వేరే రాష్ట్రంలో ఉన్నవారు ప్రయాణం, సెలవు కూడా చూసుకోవాలి కనుక తరగతి తేదీ ముందే ఖాయం చేసుకోవడం మంచిది.

ఫ్లోరిడా విషయం కొంచెం వివరంగా చెప్పాలి. లైసెన్సు కాలం ఏడేళ్లు, దాన్ని ఇచ్చేది వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖ. తుపాకి పర్మిట్ వ్యవసాయ శాఖ నుంచి రావడం కొత్తవారికి వింతగా తోచి, కవరు చూసి ప్రకటన కాగితమనుకొని పక్కన పడేసినవారు కూడా ఉన్నారు. గడువుకు కనీసం 90 రోజుల ముందు ఆ శాఖ రెన్యువల్ నోటీసు పంపాలి. అయితే వారి దగ్గరున్న చిరునామాకే పంపుతారు. ఇల్లు మారిన 30 రోజుల్లోగా కొత్త చిరునామా తెలపడం లైసెన్సు ఉన్నవారి బాధ్యత, తెలపకపోతే 25 డాలర్ల జరిమానా ఉంది. నోటీసు రాలేదన్న కారణంతో గడువు మాత్రం ఆగదు. గడువు దాటితే 15 డాలర్ల ఆలస్య రుసుముతో 180 రోజులలోపు రెన్యువల్ చేయించుకోవచ్చు. ఆ తరువాత లైసెన్సు శాశ్వతంగా ముగిసినట్టే.

ఫ్లోరిడా నివాసికీ, బయటివారికీ తేడా వేలిముద్రల దగ్గర వస్తుంది. బయటి రాష్ట్రాలవారు ప్రతి రెన్యువల్‌కూ మళ్లీ పూర్తి వేలిముద్రలు, వాటి పరిశీలన రుసుము పంపవలసిందే. దానితో పాటు కొత్త కలర్ ఫొటో, తాము ఇంకా అర్హులమేనని ప్రమాణం చేసి నోటరీ ఎదుట సంతకం చేసిన పత్రం కూడా ఉండాలి. నోటరీ ముద్ర గడువు తేదీ కనిపించకపోవడం, ఇంట్లోనే ముందుగా సంతకం చేసి తీసుకెళ్లడం వంటి చిన్న పొరపాట్లతో ఫారం వెనక్కి వస్తే నెల గడిచిపోతుంది. సంతకాన్ని నోటరీ ఎదుటే చేయండి.

వేలిముద్రలు

నా మొదటి రెన్యువల్‌లో ఎక్కువ కాలం తిన్నది ఈ పనే. దగ్గరలోని ఒక చోట సిరాతో ముద్రలు వేయించి పంపాను, కొన్ని వారాల తరువాత అవి స్పష్టంగా లేవన్న ఉత్తరం వచ్చింది. రెండోసారి డిజిటల్ యంత్రంపై ముద్రలు తీసి, వాటిని ఎఫ్‌డి-258 అనే ఎఫ్‌బీఐ వేలిముద్రల కార్డుమీద ముద్రించి ఇచ్చేచోటికి వెళ్లాను, అవి అంగీకరించారు. అప్పటినుంచి నేను ఎవరికి చెప్పినా ఒకేసారి రెండు కార్డులు తీయించుకొని, ఒకటి దగ్గర ఉంచుకోమంటాను. వేళ్ల గీతలు అరిగిపోయిన పెద్దవారికి, రసాయనాలతో పనిచేసేవారికి రెండుసార్లు తిరస్కారం రావడం అసాధారణమేమీ కాదు. నాణ్యత సరిపోక రెండుసార్లు తిరస్కరించినప్పుడు, పేరు ఆధారంగా పరిశీలన చేయమని పర్మిట్ కార్యాలయం ఎఫ్‌బీఐని కోరే పద్ధతి ఉంది. కనుక తిరస్కరించిన ఉత్తరాలు రెండూ భద్రంగా దాచాలి.

ముద్రలకు వెళ్లే వారం రోజులు చేతులకు రాత్రిపూట మాయిశ్చరైజరు రాసుకోవడం, ఘాటైన సబ్బులతో గిన్నెలు తోమకపోవడం మేలు చేస్తాయి. వెళ్లే రోజున మాత్రం చేతులు శుభ్రంగా, పొడిగా ఉండాలి. పెళ్లికో అట్లతద్దికో వేళ్ల చివర్లకు గోరింటాకు పెట్టుకున్నవారు అది వెలిసేదాకా ఆగితే, మళ్లీ వెళ్లే పని తప్పవచ్చు.

పేరు, ఇంటిపేరు

తెలుగువారికి ప్రత్యేకమైన అడ్డంకి ఇది. కొందరి పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడంతో వీసాలో మొదటిపేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటిపేరు తెలియదని అర్థం) అని పడుతుంది. కొందరి ఇంటిపేరు గ్రీన్‌కార్డులో ముందు, డ్రైవింగ్ లైసెన్సులో వెనుక ఉంటుంది. వేంకట, సత్య, నాగ వంటి పేర్లు కలిసిన పొడవాటి పేరు ఒక కార్డులో సగానికి తెగిపోతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న స్త్రీల కార్డుల్లో ఒకదానిలో పుట్టింటి పేరు, మరొకదానిలో అత్తింటి పేరు కనిపిస్తాయి. ఈ తేడాలు మనకు సహజంగా అర్థమవుతాయి గాని, పరిశీలించే గుమాస్తాకు ఇద్దరు వేర్వేరు వ్యక్తుల కాగితాల్లా కనబడవచ్చు.

అందుకే రెన్యువల్‌కు ముందు డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్‌కార్డు లేదా అమెరికా పాస్‌పోర్టు, పాత పర్మిట్ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ముందు డ్రైవింగ్ లైసెన్సును సరిచేయించి, ఆ తరువాతే పర్మిట్ దరఖాస్తు పంపడం సరైన వరుస. ఫారంలో ఇతర పేర్లు అడిగే గడిని ఖాళీగా వదలవద్దు. పాత కార్డుల్లో ఏయే రూపాల్లో పేరు పడిందో అన్నీ అక్కడ రాయండి. పౌరసత్వం వచ్చినప్పుడు పేరు మార్చుకున్నవారు నేచురలైజేషన్ సర్టిఫికెట్ నకలును, పెళ్లితో మారినవారు వివాహ ధ్రువపత్రం నకలును, అడగకపోయినా జతచేయడం మంచిది.

ఇమిగ్రేషన్ హోదా

ఈ భాగాన్ని ఎవరూ దాటవేయకూడదని నా విన్నపం. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1 వంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు కలిగి ఉండడం వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకిని గానీ తూటాలను గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ నేరానికి 2022 నుంచి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ల జైలు. దంపతుల్లో ఒకరికి గ్రీన్‌కార్డు వచ్చి, మరొకరు ఇంకా హెచ్‌-4లో ఉంటే, తుపాకి పెట్టె తాళం లేదా సంకేతసంఖ్య రెండోవారికి అందుబాటులో ఉంచడమే ప్రమాదం కావచ్చు, ఎందుకంటే చేతిలో పట్టుకోకపోయినా అధీనంలో ఉన్నట్టు న్యాయస్థానం భావించే వీలుంది.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఫ్లోరిడా లైసెన్సుకు అర్హత ఉంది. అయితే గ్రీన్‌కార్డుకు కూడా పదేళ్ల గడువు ఉంటుంది. కార్డు రెన్యువల్‌కు ఐ-90 అనే ఫారం దాఖలు చేసినవారికి, 2024 సెప్టెంబరు నుంచి రసీదు ఉత్తరమే కార్డు చెల్లుబాటును 36 నెలలు పొడిగిస్తుంది. ఈ ఉత్తరాన్ని పర్మిట్ కార్యాలయంలోని అందరూ చూసి ఉండకపోవచ్చు. కాబట్టి గడువు ముగిసిన కార్డు నకలుతో పాటు రసీదు ఉత్తరం నకలు, రెండింటినీ కలిపి చదవాలని చెప్పే రెండు వాక్యాల లేఖ పెడితే అనవసరపు తిరస్కారం తప్పుతుంది. పర్మిట్ తీసుకున్న తరువాత పౌరులైనవారు ఆ మార్పును రెన్యువల్ ఫారంలో తప్పనిసరిగా చూపాలి. పాత దరఖాస్తులో ఇచ్చిన ఏలియన్ నంబరును (గ్రీన్‌కార్డు మీదుండే ఇమిగ్రేషన్ గుర్తింపు సంఖ్యను) కూడా రాస్తే రెండు రికార్డులను కలపడం వారికి సులువవుతుంది.

ఎప్పుడో కొట్టివేసిన కేసు ఉన్నవారు కూడా ముందే సిద్ధపడాలి. ఫారంలో అరెస్టు గురించి అడిగితే, కేసు పోయింది కదా అని లేదని రాయకూడదు. ఆ కేసు నడిచిన కౌంటీ కోర్టు నుంచి తుది నిర్ణయపు ధ్రువీకృత నకలు తెప్పించుకొని జతచేయండి. దూరపు కౌంటీ నుంచి ఆ కాగితం తపాలాలో రావడానికి వారాలు పట్టవచ్చు.

కొత్త కార్డు వచ్చేదాకా

గడువుకు ముందే దరఖాస్తు పంపాను కనుక కొత్త కార్డు వచ్చేదాకా పాతది చెల్లుతుందని అనుకోవద్దు. ఆ రాష్ట్ర చట్టంలో అలా స్పష్టంగా ఉంటే తప్ప, కార్డు మీది తేదీ దాటిన మరుసటి రోజు నుంచి మీకు పర్మిట్ లేనట్టే. ఆ కార్డును గుర్తించిన ఇతర రాష్ట్రాల్లోనూ అంతే. పర్మిట్ లేకుండా తుపాకి వెంట ఉంచుకోవడం కొన్ని రాష్ట్రాల్లో తీవ్రమైన నేరం. గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి తుపాకి నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపివేయడానికే అది కారణం కాగలదు. ఇరవై ఏళ్లు కష్టపడి నిలబెట్టుకున్న ఇల్లు, పిల్లల చదువులు ఒక ఆలస్యమైన కార్డు వల్ల చిక్కుల్లో పడకూడదన్నదే నేనీ వ్యాసం రాయడానికి అసలు కారణం.

ఆ మధ్యకాలంలో రాష్ట్రాలు దాటి తుపాకిని తీసుకెళ్లవలసి వస్తే, ఫెడరల్ చట్టం ఇచ్చే రవాణా రక్షణ ఒకటి ఉంది. బయలుదేరే చోటా, చేరే చోటా ఆ తుపాకిని కలిగి ఉండడం, వెంట ఉంచుకోవడం మీకు చట్టబద్ధమై ఉండాలి. తుపాకిలో తూటాలు ఉండకూడదు. తుపాకి, తూటాలు రెండూ ప్రయాణికులు కూర్చునేచోట నుంచి చేతికి అందకుండా ఉండాలి. డిక్కీ లేని వాహనమైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లవ్ బాక్సు గానీ మధ్యనుండే కన్సోల్ గానీ పనికిరావు. దారిలోని రాష్ట్రంలో బంధువుల ఇంట్లో రెండు రోజులు ఆగితే ఈ రక్షణ నిలవకపోవచ్చు కనుక, ఆగవలసిన ప్రయాణమైతే తుపాకిని ఇంట్లోనే తాళం వేసి వెళ్లడం మంచిది.

2024 చివరికి 29 రాష్ట్రాలు పర్మిట్ లేకుండానే తుపాకి వెంట ఉంచుకోనిస్తున్నప్పుడు ఈ శ్రమంతా ఎందుకని అడిగేవారికి, బడుల చుట్టూ వర్తించే ఫెడరల్ చట్టాన్ని గుర్తుచేస్తాను. బడి ఆవరణకు వెయ్యి అడుగుల లోపు తుపాకి ఉండకూడదన్నది దాని సారాంశం. ప్రైవేటు స్థలానికి, తూటాలు తీసి తాళం వేసిన పెట్టెకు మినహాయింపు ఉంది. లైసెన్సు వల్ల వచ్చే మినహాయింపు మాత్రం, ఆ బడి ఉన్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికే వర్తిస్తుంది. ఫ్రిస్కోలో పిల్లలను బడి దగ్గర దింపే తండ్రికి యూటా పర్మిట్ ఇక్కడ సాయపడదు, టెక్సస్ లైసెన్సు కావాలి. యూటా రెన్యువల్‌కు కూడా అదే లైసెన్సు అవసరమవుతోంది కనుక, టెక్సస్‌లో ఉన్నవారు ముందు దాన్ని తీసుకోవడమే సరైన క్రమం.

దరఖాస్తును ట్రాకింగ్ ఉన్న తపాలాలో పంపి, ప్రతి పుటకూ, కట్టిన చెక్కుకూ నకలు ఉంచుకోండి. రుసుములు మారుతుంటాయి కనుక పంపే రోజునే అధికారిక పేజీలో మొత్తాన్ని మరోసారి సరిచూడండి. కార్డు చేతికి వచ్చిన రోజే పేరు అక్షరాలు, పుట్టినతేదీ, గడువు తేదీ చూసి, తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా తెలపండి. ఆ గడువు తేదీకి ఆరు నెలల ముందున్న రోజును ఫోన్ క్యాలెండరులో గుర్తు పెట్టుకొని, సొంత రాష్ట్రపు పర్మిట్ గడువును కూడా దాని పక్కనే రాసుకోండి.